బంజరు అన్న పేరు వెనుక కనుమరుగవుతున్న సంపద: గడ్డి భూములను కాపాడుకునేదెలా?

రాయ్‌పూర్ (శంకర్ నగర్): ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 2026ను అంతర్జాతీయ పచ్చిక భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. మంగోలియా ప్రతిపాదించిన ఈ తీర్మానానికి 2022 మార్చిలో ఆమోదం లభించింది. అడవులకు, చిత్తడి నేలలకు, సముద్రాలకు ఏటా ప్రత్యేక దినాలున్నాయి. గడ్డి భూములకు మాత్రం ప్రపంచస్థాయిలో ఇంతటి గుర్తింపు దక్కడం అరుదు. ఈ సందర్భంలో ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అనుభవాలను ఒకచోట చేర్చి పరిశీలించడం అవసరం. గడ్డి భూమి పోతే ఏమేం పోతాయో ఈ మూడు రాష్ట్రాలూ ఇప్పటికే చవిచూశాయి.

రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో నివసించే తెలుగువారికి ఈ విషయం దూరమైనదేమీ కాదు. వారు స్థిరపడిన రాష్ట్రానికి ఉత్తర భాగంలో ఉన్న నేటి కొరియా జిల్లాలో, నాటి కొరియా సంస్థానంలో, 1947లో మూడు చీతాలు వేటగాని తుపాకికి బలయ్యాయి. దేశంలో వేటాడిన చివరి చీతాలుగా నమోదైనవి అవే. 1952లో ఈ జంతువు భారతదేశంలో అంతరించిపోయినట్లు ప్రకటించారు. ఇక వారిలో అనేకుల పూర్వీకులు వదలి వచ్చిన తెలుగు నేలపై, పూర్వపు కర్నూలు జిల్లాలోని రోళ్లపాడులో బట్టమేక పిట్ట కనిపించడం ఇటీవలి ఏళ్లలో అత్యంత అరుదైపోయింది. చీతా, బట్టమేక పిట్ట రెండూ దట్టమైన అడవిలో మనలేని జీవులు. ఎటు చూసినా కనుచూపు ఆగని బయలు, మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడ ఒక తుమ్మ, ఒక రేగు పొద ఉన్న నేలే వాటి ఇల్లు. ఆ ఇంటికి మనం పెట్టుకున్న పేరు బంజరు.

పేరులోనే పొరపాటు

తెలుగులో విలువలేని దానిని తృణప్రాయం అంటాం. లక్ష్యపెట్టని మనిషిని గడ్డిపోచతో పోలుస్తాం. అదే భాషలో గరిక లేనిదే వినాయకుని పూజ సాగదు, దర్భ లేనిదే కర్మకాండ పూర్తికాదు. పూరింటి కప్పుకు బోద గడ్డి కావలసి వచ్చింది. గడ్డి పట్ల మన సమాజానికి ఉన్న ఈ రెండు దృష్టులలో ప్రభుత్వ దస్త్రాలకు ఎక్కింది మాత్రం మొదటిదే.

బ్రిటిష్ పాలకుల భూమి శిస్తు విధానంలో పన్ను రాని నేల వ్యర్థమైన నేల. సాగు చేసిన భూమి ఆదాయం ఇచ్చేది, అడవి కలప ఇచ్చేది. ఈ రెండింటికీ చెందని బయలు భూములు వృథాగా పడి ఉన్నవిగా నమోదయ్యాయి. స్వాతంత్ర్యానంతరం కూడా ఈ వర్గీకరణ మౌలికంగా మారలేదు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సహకారంతో కేంద్ర భూవనరుల విభాగం వెలువరించే బంజరు భూముల అట్లాస్‌లో పొదలతో కూడిన భూములు, క్షీణించిన పచ్చిక బయళ్లు ఇప్పటికీ బంజరు కిందనే వస్తున్నాయి. బంజరుగా ముద్ర పడిన భూమిని అభివృద్ధి చేయడం సహజంగానే ప్రభుత్వ లక్ష్యమవుతుంది. పరిశ్రమకు, గృహ నిర్మాణానికి, సౌర ఫలకాలకు, ఆఖరుకు మొక్కలు నాటే కార్యక్రమానికి సైతం మొదట గుర్తుకు వచ్చేది ఆ భూమే.

దీని ఫలితం అంకెలలో కనిపిస్తున్నది. 2019 సెప్టెంబరులో న్యూఢిల్లీలో జరిగిన ఐక్యరాజ్య సమితి ఎడారీకరణ నివారణ ఒప్పంద సభ్యదేశాల 14వ సదస్సు సందర్భంగా భారత్ సమర్పించిన వివరాల ప్రకారం, 2005లో దేశంలో సుమారు 1.8 కోట్ల హెక్టార్లుగా ఉన్న పచ్చిక భూములు 2015 నాటికి సుమారు 1.23 కోట్ల హెక్టార్లకు తగ్గాయి. అంటే పదేళ్లలో 31 శాతం తరుగుదల. ఇదే స్థాయిలో అడవి తగ్గి ఉంటే దేశమంతటా ఆందోళన వ్యక్తమయ్యేది. గడ్డి భూముల విషయంలో ఈ అంకె పెద్దగా చర్చకు కూడా రాలేదు.

గడ్డి భూమి అసలు అడవి చెడిపోగా మిగిలినదే అన్న అభిప్రాయం కూడా ఈ ఉదాసీనతకు ఒక కారణం. అడవిని నరికితే గడ్డి మొలుస్తుంది కాబట్టి ప్రతి గడ్డి భూమీ ఒకనాటి అడవే అయి ఉంటుందన్నది ఆ వాదన. శాస్త్రీయ ఆధారాలు దీనిని సమర్థించడం లేదు. ఉష్ణమండల గడ్డి జాతులు లక్షల ఏళ్లకు పూర్వమే, మనిషి గొడ్డలి పుట్టక ముందే విస్తరించాయి. వర్షపాతం, నేల స్వభావం, పశువుల మేత, అప్పుడప్పుడు వచ్చే నిప్పు కలిసి ఈ భూములను తీర్చిదిద్దాయి. 2025లో వెలువడిన ఒక అధ్యయనంలో పరిశోధకులు పశ్చిమ మహారాష్ట్రకు చెందిన ప్రాచీన మరాఠీ సాహిత్యాన్ని, జానపద గేయాలను పరిశీలించి, అక్కడి బయలు భూములు కనీసం కొన్ని శతాబ్దాలుగా గడ్డి, ముళ్ల చెట్లతోనే ఉన్నాయని తేల్చారు. దక్కను పీఠభూమిలో భాగమైన మన రాయలసీమ, తెలంగాణ బయళ్ల విషయంలోనూ ఇటువంటి పరిశీలన జరగవలసి ఉంది.

నేల కింద ఉన్న అడవి

గడ్డి భూమి చేసే మేలు కంటికి ఆనదు. చెట్టు తన సంపదను నేలపై ఎత్తి చూపుతుంది, గడ్డి దానిని నేల లోపల దాచుకుంటుంది. బహువార్షిక గడ్డి జాతుల వేళ్లు లోతుగా, దట్టంగా అల్లుకుని మట్టిని పట్టి ఉంచుతాయి. ఏటా కొంత వేరు చనిపోయి మట్టిలో కలుస్తుంది, కొత్త వేరు పుడుతుంది. ఈ ప్రక్రియలో గాలిలోని కర్బనం మట్టిలోకి చేరి అక్కడే నిలిచిపోతుంది. అడవికి నిప్పంటుకుంటే చెట్టులోని కర్బనం తిరిగి గాలిలో కలుస్తుంది. గడ్డి కాలినా భూమిలోని నిల్వ చాలావరకు భద్రంగా ఉంటుంది. కరవు, కార్చిచ్చు పెరుగుతున్న ప్రాంతాలలో చెట్లకంటే గడ్డి భూములే నమ్మకమైన కర్బన నిల్వలు కాగలవని కాలిఫోర్నియా పరిస్థితులపై 2018లో జరిగిన పరిశోధన సూచించింది.

నీటి విషయమూ ఇంతే. తొలకరి వాన ఉట్టి నేలపై పడితే మట్టిని కోసుకుని వాగులోకి పోతుంది. గడ్డి దుబ్బులున్న నేలపై అదే వాన వేగం తగ్గి లోపలికి ఇంకుతుంది. వర్షాభావ ప్రాంతాలలో చెరువులు పూడిపోవడానికి, భూగర్భ జలాలు అడుగంటడానికి పై ఎత్తున ఉన్న గడ్డి భూములు చెడిపోవడం ఒక ముఖ్య కారణం. ఒక ఊరి చెరువు ఆయుష్షు ఆ చెరువు పైనున్న బీడులో ఉంటుందని చెప్పడం అతిశయోక్తి కాదు.

గడ్డిని తీసివేస్తే ఏమవుతుందో అమెరికా అనుభవం చెబుతుంది. ఉత్తర అమెరికా నడిబొడ్డున ప్రెయరీ అని పిలిచే విశాలమైన పచ్చిక మైదానాలు ఉండేవి. 1837లో జాన్ డీర్ రూపొందించిన ఉక్కు నాగలి గట్టి వేళ్ల అల్లికను చీల్చగలిగింది. ఆ తర్వాతి దశాబ్దాలలో పొడవు గడ్డి ప్రెయరీ దాదాపు అంతా గోధుమ, మొక్కజొన్న చేలుగా మారింది. నేడు అందులో మిగిలినది నాలుగు శాతం లోపే. మరింత పడమరన, వర్షం తక్కువగా పడే మైదానాలను సైతం దున్నివేశాక, 1930లలో వరుస కరవులు వచ్చాయి. పట్టి ఉంచే వేరు లేని మట్టి గాలికి లేచింది. 1935 ఏప్రిల్ 14న పట్టపగలే చీకట్లు కమ్మిన ధూళి తుపాను అక్కడి చరిత్రలో నల్ల ఆదివారంగా నిలిచిపోయింది. లక్షలాది కుటుంబాలు వలస పోయాయి. అదే ఏడాది ఆ దేశ ప్రభుత్వం భూసార పరిరక్షణకు ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. ఇప్పుడు అక్కడ మిగిలిన చిన్న చిన్న ప్రెయరీ తునకలను ఎంతో వ్యయంతో కాపాడుకుంటున్నారు. అసలైన గడ్డి భూమిని ఒకసారి దున్నితే, తిరిగి విత్తనాలు చల్లినా దశాబ్దాల తరబడి పూర్వపు జీవ వైవిధ్యం రాదన్నది అక్కడి పాఠం.

రోళ్లపాడు చెప్పే కథ

తెలుగు నేలపై ఈ పాఠం రోళ్లపాడులో కనిపిస్తుంది. ప్రస్తుత నంద్యాల జిల్లాలో, కర్నూలు నగరానికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ అభయారణ్యం విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు మాత్రమే. బట్టమేక పిట్ట రక్షణ కోసం 1988లో దీనిని ప్రకటించారు. 1980లలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం శాస్త్రజ్ఞులు ఇక్కడ మకాం వేసి ఈ పక్షి జీవనాన్ని అధ్యయనం చేశారు. ఎగరగలిగే పక్షులలో అత్యంత బరువైన వాటిలో ఒకటైన బట్టమేక పిట్ట సాధారణంగా ఏడాదికి ఒకే ఒక గుడ్డును నేలపై పెడుతుంది. వానాకాలంలో ఇక్కడికి నేల నెమలి వచ్చేది. శీతకాలంలో వేల మైళ్లు దాటి వచ్చే పిల్లి గద్దలు సాయంత్రం వేళ గడ్డిలో గుంపులుగా దిగి రాత్రి గడిపేవి. కృష్ణజింక, తోడేలు, గుంటనక్క ఈ బయలులోనే బతికాయి.

అయితే బట్టమేక పిట్ట బతికింది అభయారణ్యపు గడ్డిలో మాత్రమే కాదు. చుట్టూ ఉన్న జొన్న, వేరుశనగ చేలు, బీడు పెట్టిన పొలాలు, మేకలు మేసే బయళ్లు అన్నీ కలిస్తేనే దాని ఆవాసం. మిడతలు, పురుగులు, గింజలు, రేగుపళ్లు అక్కడ దొరికేవి. మెట్ట వ్యవసాయం, పశువుల మేత, అడవి పక్షి ఒకదానితో ఒకటి సర్దుకుని బతికిన ప్రాంతమది. కాలక్రమంలో సాగునీటి కాలువలు, అలగనూరు జలాశయం వచ్చాయి. మెట్ట పంటల స్థానంలో వాణిజ్య పంటలు, పురుగు మందులు ప్రవేశించాయి. బీడు పెట్టే అలవాటు తగ్గింది. ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి ఒక ద్వీపంగా మిగిలిపోయింది.

మరొక సమస్య రక్షణ చర్యల నుంచే పుట్టింది. అభయారణ్యం చుట్టూ కందకాలు తవ్వి, కట్టలు పోసి పశువులను కట్టడి చేశారు. రక్షణ దొరకడంతో వేళ్ల మీద లెక్కించదగిన కృష్ణజింకలు వందల సంఖ్యకు పెరిగాయి. పంటలపై పడ్డాయి. మేత బయలు పోయిన కాపరికి, పంట పోయిన రైతుకు బట్టమేక పిట్ట పేరు వింటేనే కోపం వచ్చే పరిస్థితి ఏర్పడింది. మధ్యప్రదేశ్‌లోని కరేరా అభయారణ్యంలోనూ ఇదే జరిగింది. 1981లో ఇదే పక్షి కోసం ఏర్పడిన ఆ అభయారణ్యంలో ప్రైవేటు పొలాలను కలిపి ఆంక్షలు విధించారు. ప్రజలలో వ్యతిరేకత పెరిగింది. గత శతాబ్దం చివరి నాటికి అక్కడ బట్టమేక పిట్ట లేకుండా పోయింది. స్థానికులకు నష్టం చేసే పరిరక్షణ ఎక్కువకాలం నిలవదని ఈ రెండు ఉదాహరణలు నిరూపిస్తున్నాయి. ఇది విధానకర్తలు మాత్రమే కాక, పర్యావరణ ప్రేమికులు కూడా అంగీకరించవలసిన సత్యం.

ఒకప్పుడు దేశంలోని పదకొండు రాష్ట్రాలలో కనిపించిన ఈ పక్షిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2011లో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. సహజ ఆవాసాలలో మిగిలినవి సుమారు నూట యాభై లేదా అంతకంటే తక్కువేనని అంచనా. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలోనే ఉన్నాయి. అక్కడ 2019 నుంచి భారత వన్యప్రాణి సంస్థ, రాజస్థాన్ అటవీ శాఖ కలిసి సంతానోత్పత్తి కేంద్రాలను నడుపుతున్నాయి. 2024 అక్టోబరులో కృత్రిమ గర్భధారణ ద్వారా తొలి పిల్ల పుట్టింది. కేంద్రాలలోని పక్షుల సంఖ్య అరవై దాటింది. ఇది నిజంగా సంతోషకరమైన విజయం. కానీ ఆ పిల్లలు పెద్దవై ఎక్కడికి వెళ్తాయన్న ప్రశ్నకు జవాబు గడ్డి భూములే చెప్పాలి. ఇల్లు లేని పక్షిని ఎన్నాళ్లని పంజరంలో పెంచగలం?

పచ్చదనం పేరిట జరిగే నష్టం

గడ్డి భూములకు ఉన్న ముప్పులలో ఒకటి మంచి ఉద్దేశంతోనే వస్తున్నది. అదే మొక్కలు నాటడం. వాతావరణ మార్పుపై పారిస్ ఒప్పందంలో భాగంగా 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడును పీల్చుకునే సామర్థ్యం కల్పిస్తామని భారత్ హామీ ఇచ్చింది. 2.6 కోట్ల హెక్టార్ల క్షీణించిన భూమిని పునరుద్ధరిస్తామని కూడా ప్రకటించింది. లక్ష్యాలు ఉన్నతమైనవే. అయితే పునరుద్ధరణ అంటే చెట్లు నాటడమేనన్న భావనతో అమలు జరిగితే, ఆ చెట్లకు చోటు దొరికేది గడ్డి భూములలోనే.

2023 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన గ్రీన్ క్రెడిట్ కార్యక్రమం దీనికి ఉదాహరణ. 2024 ఫిబ్రవరిలో వెలువడిన విధివిధానాలలో పలుచని అడవులతో పాటు పొదల భూములను, బంజరు భూములను మొక్కలు నాటేందుకు అర్హమైనవిగా చేర్చారు. హెక్టారుకు కనీసం 1,100 చెట్లు అన్న ప్రమాణం పెట్టారు. అంత దట్టమైన తోటలో నేలకు వెలుతురు అందదు. వెలుతురు లేని చోట గడ్డి ఉండదు, గడ్డి లేని చోట జింక ఉండదు. నరికిన అడవి స్థానంలో చెట్లు పెంచడం మంచిదే. ఊరి వీధులలో, పొలం గట్లపై, చెరువు కట్టలపై మొక్కలు నాటడం మరీ మంచిది. అభ్యంతరమల్లా ఎన్నడూ అడవి కాని చోట అడవిని సృష్టించబోవడంపైనే.

తెలుగు రాష్ట్రాలకు ఇది కొత్త కాదు. వంటచెరకు కోసం, బంజరును పచ్చగా మార్చడం కోసం ఒకప్పుడు తెచ్చి వేసిన సర్కారు తుమ్మ నేడు చెరువు శిఖాలను, మేత పోరంబోకులను ఆక్రమించింది. దాని పేరులోనే దాని చరిత్ర ఉంది. నీలగిరి తోటలు కాగితపు పరిశ్రమకు ముడిసరుకు ఇచ్చాయి గాని పశువుకు మేతనివ్వలేదు. తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మను పేర్చే గునుగు, తంగేడు బయళ్లలో, బీళ్లలో పూచే పూలు. నీడ పరచిన తోటల కింద అవి పూయవు. బతుకమ్మ పూల కోసం ఏటికేడాది దూరం పోవలసి రావడం, బజారులో కొనుక్కోవలసి రావడం గడ్డి భూములు తగ్గుతున్నాయనడానికి ఇంటి గడప దాకా వచ్చిన సాక్ష్యం.

సౌర విద్యుత్తు, సర్వోన్నత న్యాయస్థానం

పునరుత్పాదక ఇంధనం మరొక క్లిష్టమైన ప్రశ్న. బొగ్గు వాడకం తగ్గాలంటే సూర్యరశ్మిని, గాలిని ఆశ్రయించక తప్పదు. ఎండ, గాలి పుష్కలంగా ఉండేది, చవకగా దొరికేది బయలు భూములలోనే. పూర్వపు కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సౌర పార్కు 5,932 ఎకరాలలో విస్తరించింది. అంటే సుమారు 24 చదరపు కిలోమీటర్లు. అదే జిల్లాలో బట్టమేక పిట్టకు కేటాయించిన నేలకు ఇది దాదాపు నాలుగు రెట్లు. ఈ పోలిక సౌర విద్యుత్తును తప్పుపట్టడానికి కాదు. ఏ అవసరానికి ఎంత నేల ఇస్తున్నామో గ్రహించడానికి.

బట్టమేక పిట్టకు పక్క చూపు ఎక్కువ, ఎదుటి చూపు తక్కువ. బరువైన శరీరంతో ఎగురుతూ విద్యుత్ తీగలను చివరి క్షణంలో తప్పించుకోలేదు. థార్ ప్రాంతంలో 4,200 చదరపు కిలోమీటర్ల పరిధిలో ఏటా సుమారు 84,000 పక్షులు తీగలకు బలవుతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. ఈ నేపథ్యంలోనే 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సుమారు 99,000 చదరపు కిలోమీటర్ల పరిధిలో పైనుంచి వేసే తీగలపై ఆంక్షలు విధించింది. 2024 మార్చి 21న ఆ ఉత్తర్వును సవరించి నిపుణుల కమిటీని నియమించింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలలో ఇమిడి ఉందని అదే తీర్పులో పేర్కొంది. 2025 డిసెంబరులో కమిటీ సిఫార్సులను ఆమోదించింది. వాతావరణ రక్షణ, జీవజాతి రక్షణ రెండూ రాజ్యాంగ విలువలే అయినప్పుడు పరిష్కారం స్థల ఎంపికలోనే ఉంటుంది. ఇళ్ల పైకప్పులు, కాలువలు, జలాశయాలు, వదిలేసిన గనులు వంటి చోట్లను ముందుగా వినియోగించి, సజీవమైన గడ్డి భూములను చివరి ఎంపికగా ఉంచుకోవడం సాధ్యమే.

మందలకు మేతేదీ?

గడ్డి భూముల ప్రశ్నను కేవలం పక్షుల, జంతువుల ప్రశ్నగా చూడడం పొరపాటు. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఉన్న సుమారు 7.43 కోట్ల గొర్రెలలో తెలంగాణలో 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో 1.76 కోట్లు ఉన్నాయి. అంటే దేశంలోని గొర్రెలలో దాదాపు సగం తెలుగు రాష్ట్రాలలోనే ఉన్నాయి. గొల్ల, కురుమ కుటుంబాల జీవనం వీటిపైనే ఆధారపడి ఉంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం రాయితీపై గొర్రెల పంపిణీని పెద్ద ఎత్తున చేపట్టింది. మందలు పెరిగాయి. మేసే బయళ్లు మాత్రం పెరగలేదు. గొర్రెకు సబ్సిడీ ఇచ్చి గడ్డికి రక్షణ ఇవ్వకపోతే ఆ పథకం సగంలోనే ఆగుతుంది. మిగిలిన కొద్దిపాటి బయలుపై మందల ఒత్తిడి పెరిగి అదీ చెడిపోతుంది.

ప్రపంచమంతటా పచ్చిక భూములలో సగం వరకు క్షీణించి ఉండవచ్చని ఐక్యరాజ్య సమితి ఎడారీకరణ నివారణ ఒప్పంద కార్యాలయం 2024 మే నెలలో వెలువరించిన నివేదిక హెచ్చరించింది. పశుపోషకులను సమస్యగా కాక భాగస్వాములుగా చూడాలని సూచించింది. మన చట్టంలోనూ ఇందుకు చోటుంది. 2006 అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షను స్థిరంగా ఉండే వారితో పాటు సంచార పశుపోషకుల మేత హక్కులను గుర్తిస్తున్నది. గ్రామ ఉమ్మడి భూములపై ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. మేత పోరంబోకు, బంచరాయి, గైరాన్ అన్న పేర్లతో రెవెన్యూ దస్త్రాలలో నమోదైన భూములు నేలపై ఎంతమేరకు మిగిలి ఉన్నాయో గ్రామగ్రామాన తనిఖీ చేయడం ఆ ఆదేశానికి తొలి మెట్టు.

కంచ అన్న మాట

హైదరాబాదులోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమిపై 2025లో చెలరేగిన వివాదం ఈ చర్చకు మరో కోణాన్ని ఇచ్చింది. అక్కడ చెట్ల తొలగింపును 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నిలిపివేసింది. వాదోపవాదాలన్నీ ఆ భూమి అడవి అవునా, కాదా అన్న ప్రశ్న చుట్టూ తిరిగాయి. కంచ అంటే తెలంగాణ వ్యవహారంలో పశువుల మేతకు విడిచిన గడ్డి నేల. ఆ భూమి స్వభావం దాని పేరులోనే ఉంది. రాతి గుట్టలు, పొదలు, గడ్డి, నీటి కుంటలు కలిసిన దక్కను ఆవాసమది. అయినా దానిని కాపాడాలంటే అడవి అని పిలవక తప్పని పరిస్థితి. కారణం, మన చట్టాలలో అడవికి నిర్వచనం వెదకవచ్చు, చిత్తడి నేలకు నియమాలున్నాయి, గడ్డి భూమికి మాత్రం తనదంటూ ఒక చట్టబద్ధ గుర్తింపు లేదు. 2006లోనే ప్రణాళికా సంఘం నియమించిన గడ్డి భూములు, ఎడారుల కార్యదళం జాతీయ విధానం అవసరాన్ని చెప్పింది. రెండు దశాబ్దాలు గడచినా ఆ లోటు అలాగే ఉంది.

ఛత్తీస్‌గఢ్ ప్రయత్నం

ఈ నిరాశ నడుమ ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక ఆశాజనకమైన అనుభవం ఉంది. రాయ్‌పూర్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని బార్నవాపారా అభయారణ్యంలో కొన్ని దశాబ్దాల క్రితం కనుమరుగైన కృష్ణజింకలను తిరిగి ప్రవేశపెట్టారు. ఢిల్లీ జంతు ప్రదర్శనశాల నుంచి, బిలాస్‌పూర్ సమీపంలోని కానన్ పెండారి నుంచి తెచ్చిన జింకలను కొంతకాలం ఆవరణలో పెంచి, అలవాటు చేసి బయటకు వదిలారు. రాష్ట్ర జంతువైన అడవి దున్నల సంతతిని పెంచేందుకు 2020లో, 2023లో అస్సాంలోని మానస్ నుంచి దున్నలను కూడా ఇక్కడికే తెచ్చారు. జింకకు పొట్టి గడ్డి, దున్నకు పొడవు గడ్డి కావాలి. అందువల్ల అడవి నడుమ గడ్డి బయళ్లను నిలుపుకోవడం, కలుపు మొక్కలను తొలగించడం అటవీ శాఖకు నిత్యకృత్యమైంది. అడవిలో సైతం గడ్డిని సాగు చేసినంత శ్రద్ధగా చూసుకోవాలన్న గ్రహింపు ఇందులో ఉంది.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి చీతాలు మధ్యప్రదేశ్‌లోని కునోకు చేరినప్పుడు దేశమంతా సంబరపడింది. వాటికి కావలసినది ఆవరణలు, వైద్యులు మాత్రమే కాదు, విశాలమైన బయలు. చీతా పథకం దీర్ఘకాలంలో విజయవంతమైతే, దాని అసలు ఫలం గడ్డి భూములకు దక్కాలి. పులి పేరిట అడవులు నిలిచినట్లే చీతా, బట్టమేక పిట్ట, కృష్ణజింకల పేరిట గడ్డి భూములు నిలవాలి.

చేయవలసినది

మొదటిది, పేరు మార్పు. బంజరు భూముల జాబితా నుంచి సహజ గడ్డి భూములను, పొదల భూములను వేరు చేసి ప్రత్యేక ఆవాసాలుగా గుర్తించాలి. ఏది నిజంగా చెడిన నేల, ఏది సజీవమైన గడ్డి నేల అన్నది ఉపగ్రహ చిత్రంతో పాటు క్షేత్ర పరిశీలనతో తేల్చాలి. రెండవది, మొక్కలు నాటే ముందు ఆ చోట నిన్నమొన్నటి దాకా ఏముండేదో స్థానిక కాపరులను, రైతులను అడిగి తెలుసుకోవాలి. గడ్డి పునరుద్ధరణకు కూడా చెట్ల పెంపకంతో సమానంగా నిధులు, గుర్తింపు ఇవ్వాలి.

మూడవది, కంచె వేసి మనిషిని వెలివేసే పద్ధతికి స్వస్తి చెప్పాలి. మితమైన మేత గడ్డి భూమికి హాని కాదు, అవసరం. ఏ నెలలో ఎక్కడ మేపాలి, ఎక్కడ విశ్రాంతి ఇవ్వాలి అన్నది గ్రామసభ నిర్ణయించి పాటించగల విషయం. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని సమాజ రక్షిత ప్రాంతాల ఏర్పాటు ఇందుకు ఉపకరిస్తుంది. నాలుగవది, జింకల వల్ల పంట నష్టపోయిన రైతుకు సకాలంలో, సముచితంగా పరిహారం అందాలి. మెట్ట పంటలు వేసే, బీడు పెట్టే రైతుకు ప్రోత్సాహకం ఉండాలి. చిరుధాన్యాలకు లభిస్తున్న ఆదరణ రోళ్లపాడు చుట్టుపక్కల జొన్న చేలను తిరిగి నిలబెట్టగలిగితే అది రైతుకూ మేలు, పక్షికీ మేలు.

వీటిలో ఏదీ భారీ వ్యయంతో కూడినది కాదు. అడవిని పెంచడానికి తరాలు పడుతుంది. ఉన్న గడ్డి భూమిని కాపాడడానికి దానిని దున్నకుండా, పూడ్చకుండా, చెట్లతో కప్పకుండా ఉంటే చాలు. అంతర్జాతీయ సంవత్సరం డిసెంబరుతో ముగుస్తుంది. అప్పటికి సభలు, ప్రకటనలు మిగులుతాయా, లేక కనీసం ప్రతి మండలంలో ఒక్క మేత బయలైనా ఆక్రమణ నుంచి విడిపడి తిరిగి పచ్చబడుతుందా అన్నదే అసలు గీటురాయి. కొరియాలో 1947లో పోయినది తిరిగి తెచ్చుకోవడానికి దేశానికి 75 ఏళ్లు పట్టింది, విమానంలో మరో ఖండం నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. బట్టమేక పిట్టకు మరో ఖండం లేదు.